లోహ ఆక్సైడ్ పొరల పెరుగుదలపై ఉపరితల రసాయన నియంత్రణ: లెనిన్‌గ్రాడ్, హెల్సింకీ పరిశోధనల చారిత్రక పరిశీలన

వ్యాససంగ్రహం:

లోహ ఆక్సైడ్ పొరలను పరమాణు ప్రమాణంలో పెంచే పద్ధతి నేటి అర్ధవాహక పరిశ్రమకు పునాదుల్లో ఒకటి. దీని చరిత్రను సాధారణంగా 1974లో ఫిన్లాండులో జరిగిన ఒక ఆవిష్కరణతో మొదలుపెట్టడం ఆనవాయితీ. అంతకుముందే లెనిన్‌గ్రాడ్ రసాయన శాస్త్రజ్ఞులు ఇదే సూత్రాన్ని వేరే ప్రయోజనం కోసం, వేరే పేరుతో అభివృద్ధి చేశారు. ఈ రెండు ధారలను పక్కపక్కన పెట్టి చూసినప్పుడు, పొర పెరుగుదలను నియంత్రించేది ప్రధానంగా యంత్రం కాదనీ, ఉపరితలం మీది రసాయన సమూహాల సంఖ్య, స్వభావమేననీ తెలుస్తుంది. 2000 తరువాత వచ్చిన స్థలనిర్దిష్ట నిక్షేపణ పరిశోధన లెనిన్‌గ్రాడ్ వారి మూలప్రశ్నకే తిరిగి వచ్చిందని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది.

కీలకపదాలు: లోహ ఆక్సైడ్ పొరలు, ఉపరితల రసాయనం, హైడ్రాక్సిల్ సమూహాలు, అణుస్తరీకరణ, పరమాణు పొరల నిక్షేపణ, విజ్ఞానశాస్త్ర చరిత్ర.

1. ఉపోద్ఘాతం

పలుచని పొరల మీద వెలువడే సిద్ధాంత గ్రంథాల తొలి అధ్యాయాల్లో ఒక వాక్యం తరచుగా కనిపిస్తుంది: పరమాణు పొరల నిక్షేపణ పద్ధతిని 1974లో ఫిన్లాండుకు చెందిన టూమో సుంటోలా కనుగొన్నారు. ఈ వాక్యం అసత్యం కాదు, అసంపూర్ణం. హెల్సింకీకి సుమారు 300 కిలోమీటర్ల దూరంలో ఉన్న లెనిన్‌గ్రాడ్‌లో, అంటే నేటి సెయింట్ పీటర్స్‌బర్గ్‌లో, 1960లలోనే ఘనపదార్థపు ఉపరితలం మీద లోహ ఆక్సైడ్‌ను ఒక్కొక్క పొరగా పేర్చే ప్రయోగాలు జరిగాయి. వాటి ఫలితాలు అచ్చయ్యాయి, పద్ధతికి ఒక పేరు కూడా స్థిరపడింది.

ఎవరు ముందు అన్న తగవు తీర్చడం ఈ వ్యాసం ఉద్దేశం కాదు. రెండు ప్రయోగశాలలూ వేర్వేరు ప్రశ్నలు వేసుకుని ఒకే సూత్రానికి చేరుకున్నాయి. ఆ ప్రశ్నల్లోని తేడాను గుర్తిస్తే, ఈ రంగంలో నేడు జరుగుతున్న పరిశోధన ఏ దారిలో ఎందుకు సాగుతోందో బోధపడుతుంది.

2. సమస్య స్వరూపం

ఒక ఘనపదార్థం మీద పలుచని పొరను పరచడానికి పూర్వం నుంచీ ఉన్న మార్గాలు ప్రధానంగా మూడు. శూన్యంలో పదార్థాన్ని ఆవిరిచేసి చల్లని పలక మీద పడనివ్వడం మొదటిది. అయాన్ల తాకిడితో ఒక లక్ష్యఫలకం నుంచి పరమాణువులను వెడలగొట్టి పలక మీదికి చేర్చడం రెండవది. వాయువులను వేడిపలక మీద చర్య జరపనివ్వడం మూడవది. మూడింటిలోనూ పొర మందం కాలం మీద, పదార్థం అందే వేగం మీద, ఉష్ణోగ్రత మీద ఆధారపడుతుంది. ఎక్కువసేపు ఉంచితే ఎక్కువ మందం, ఎక్కువ పదార్థం అందిన చోట ఎక్కువ మందం. లోతైన గాడుల్లో, రంధ్రాల గోడల మీద సమానమైన మందం రావడం కష్టమవుతుంది.

దీనికి భిన్నమైన ఆలోచనకు బీజం ఇర్వింగ్ లాంగ్‌మ్యూర్ 1910లలో చేసిన అధిశోషణ అధ్యయనాల్లో ఉంది. ఉపరితలం మీద స్థానాలు పరిమితం, అవి నిండిన తరువాత రసాయనబంధంతో అంటుకునే ప్రక్రియ ఆగిపోతుందని ఆయన చూపారు. ఈ ఆగిపోవడాన్ని పొర నిర్మాణానికి వాడుకోవచ్చు. ఒక వాయువును పంపి, ఉపరితలం నిండేవరకు ఉంచి, మిగులును తొలగించి, రెండవ వాయువును పంపితే ఒక ఆవృత్తి పూర్తవుతుంది. ప్రతి ఆవృత్తిలోనూ చేరే పదార్థం ఎంతో ఉపరితలమే నిర్ణయిస్తుంది. మందాన్ని గడియారంతో కాక ఆవృత్తుల లెక్కతో కొలవవచ్చు.

లోహ ఆక్సైడ్‌ల విషయంలో ఈ స్థానాలు చాలావరకు హైడ్రాక్సిల్ సమూహాలు. గాలి తగిలిన సిలికా, అల్యూమినా, టైటానియా వంటి ఆక్సైడ్‌ల ఉపరితలం నీటితో చర్య పొంది, ఒక ఆక్సిజన్, ఒక హైడ్రోజన్ కలిసిన ఈ సమూహాలతో కప్పబడి ఉంటుంది. పూర్తిగా నీరు పట్టిన సిలికా మీద ఇవి చదరపు నానోమీటరుకు 4 నుంచి 5 వరకు ఉంటాయి. వేడిచేస్తే పక్కపక్కన ఉన్న రెండు సమూహాలు ఒక నీటి అణువును వదిలి ఆక్సిజన్ వంతెనగా మారతాయి. 800 డిగ్రీల సెల్సియస్ దగ్గర చదరపు నానోమీటరుకు ఒకటి కూడా మిగలడం కష్టం. అంటే పలకను ముందుగా ఎంత వేడిచేశామన్నదే, దాని మీద తొలి పొర ఎంత దట్టంగా నిలుస్తుందో నిర్ణయించగలదు.

3. లెనిన్‌గ్రాడ్: ఉపరితలం నుంచి మొదలైన ప్రశ్న

వాలెంతిన్ బోరిసోవిచ్ అలెస్కోవ్‌స్కీ (1912–2006) లెనిన్‌గ్రాడ్ సాంకేతిక సంస్థలో రసాయన శాస్త్రజ్ఞుడు. తరువాతి కాలంలో ఆ సంస్థకూ, 1975 నుంచి 1986 వరకు లెనిన్‌గ్రాడ్ విశ్వవిద్యాలయానికీ అధిపతిగా ఉన్నారు. 1952లో సమర్పించిన డాక్టరేట్ సిద్ధాంత గ్రంథంలో ఆయన ‘మూలచట్ర పరికల్పన’ అని చెప్పదగిన భావనను ముందుకు తెచ్చారు. దాని ప్రకారం ఘనపదార్థం ఒక స్థిరమైన చట్రం, ఆ చట్రం అంచుల్లో చర్యాశీలమైన సమూహాలు ఉంటాయి. చట్రాన్ని కదపకుండా ఆ సమూహాలను మాత్రమే మార్చి కొత్త పదార్థాలను తయారుచేయవచ్చు. కర్బన రసాయనంలో ఒక అణువు మీది సమూహాన్ని మరొక సమూహంతో మార్చినట్లే, ఘనపదార్థాన్ని కూడా ఒక మహా అణువుగా భావించి దాని మీద రసాయన సంశ్లేషణ చేయవచ్చన్నది ఈ ఆలోచన సారాంశం.

ఈ భావనకు ప్రయోగరూపం ఇచ్చినవారిలో ముఖ్యులు స్తానిస్లావ్ కోల్త్‌సొవ్. 1960లలో ఆయన, సహచరులు సిలికా జెల్ మీద టైటానియం టెట్రాక్లోరైడ్ ఆవిరిని పంపారు. క్లోరిన్ పరమాణువు హైడ్రాక్సిల్‌లోని హైడ్రోజన్‌తో కలిసి హైడ్రోజన్ క్లోరైడ్‌గా వెళ్ళిపోయింది. టైటానియం ఆక్సిజన్ ద్వారా సిలికాకు బంధించబడింది. మిగులు ఆవిరిని తొలగించి నీటి ఆవిరిని పంపినప్పుడు, టైటానియం మీద మిగిలిన క్లోరిన్ స్థానాల్లో హైడ్రాక్సిల్ సమూహాలు వచ్చాయి. ఉపరితలం మళ్ళీ మొదటి స్థితికి చేరింది, కాని ఇప్పుడది టైటానియం ఆక్సైడ్ ఉపరితలం. ఇదే వరుసను తిరిగి జరిపితే రెండవ పొర. ఈ పద్ధతికి వారు పెట్టుకున్న రష్యన్ పేరును తెలుగులో అణుస్తరీకరణ అనవచ్చు.

ఈ ప్రయోగాల విశేషం వాటి లెక్కల్లో ఉంది. సిలికా జెల్ సూక్ష్మరంధ్రాలతో నిండిన పదార్థం, ఒక గ్రాములో వందల చదరపు మీటర్ల ఉపరితలం ఉంటుంది. అందువల్ల ఒకే పొరలో చేరిన టైటానియాన్నీ, మిగిలిన క్లోరిన్‌నూ సాధారణ రసాయన విశ్లేషణతోనే కొలవవచ్చు. ఒక్కో టైటానియం పరమాణువు దగ్గర మూడు క్లోరిన్‌లు మిగిలితే అది ఒకే హైడ్రాక్సిల్‌కు అతుక్కున్నట్లు, రెండే మిగిలితే రెండింటికి అతుక్కున్నట్లు. జెల్‌ను ముందు ఎంత ఉష్ణోగ్రతకు వేడిచేశారన్న దాన్ని బట్టి ఈ నిష్పత్తి మారుతుంది. ఉపరితల రసాయనాన్ని మార్చి ఆక్సైడ్ పొర పెరుగుదలను నియంత్రించడం అన్న విషయం, ఆ మాటల్లో కాకపోయినా, ఇక్కడ స్పష్టమైన ప్రయోగరూపం పొందింది. వారి దృష్టి శోషకాలు, ఉత్ప్రేరకాలు, పూరకాల మీద ఉంది. ఎలక్ట్రానిక్ పరికరం వారి తొలి లక్ష్యం కాదు.

4. హెల్సింకీ: పొర నుంచి మొదలైన ప్రశ్న

టూమో సుంటోలా భౌతిక శాస్త్రజ్ఞుడు. 1974లో ఆయన వైద్య పరికరాలకు పేరుపొందిన ఇన్‌స్ట్రుమెంటారియమ్ అనే ఫిన్లాండు సంస్థలో కొత్త పరిశోధన విభాగాన్ని ప్రారంభించే బాధ్యత తీసుకున్నారు. ఎంచుకున్న లక్ష్యం విద్యుద్దీప్తి ఫలకం: మాంగనీసు కలిపిన జింక్ సల్ఫైడ్ పొరకు అధిక విద్యుత్ క్షేత్రం అందిస్తే పసుపు కాంతి వెలువడుతుంది. అటువంటి పొరకు రెండువైపులా విద్యుద్బంధక పొరలు కావాలి. వందకు పైబడిన వోల్టుల్ని ఒక మైక్రోమీటరు కొలతలో ఉన్న పొరల మీద పెట్టాలి. ఎక్కడైనా ఒక సూదిమొనంత రంధ్రం ఉంటే ఫలకం అక్కడే కాలిపోతుంది. పెద్ద గాజుపలక అంతటా లోపం లేని పొర కావాలన్నది సుంటోలా ఎదుర్కొన్న అవసరం.

ఇంకా సామగ్రి చేరని ప్రయోగశాలలో గోడమీది ఆవర్తన పట్టికను చూస్తుండగా ఆలోచన తట్టిందని ఆయన తరువాత చెప్పారు. సమ్మేళనంలోని రెండు మూలకాలనూ ఒకేసారి కాకుండా ఒకదాని తరువాత ఒకటి అందిస్తే, ప్రతిసారీ ఉపరితలమే తనకు కావలసినంత తీసుకుంటుంది. అదే సంవత్సరం జింక్, గంధకం మూలకాలతోనే తొలి ప్రయోగం జరిగింది. గాజుపలకలు తిరుగుతూ ఒకసారి జింక్ ఆవిరికీ, ఒకసారి గంధకపు ఆవిరికీ ఎదురయ్యే ఏర్పాటు అది. 1974 నవంబరులో పేటెంటు దరఖాస్తు దాఖలయింది. యోర్మా ఆంట్‌సన్‌తో కలిసి పొందిన అమెరికా పేటెంటు 1977లో వెలువడింది. ఈ పద్ధతిని మొదట పరమాణు పొరల ఎపిటాక్సీ అన్నారు.

5. రెండు దారుల కలయిక

తొలి ఫిన్లాండు ప్రయోగానికీ లెనిన్‌గ్రాడ్ ప్రయోగానికీ ఒక ముఖ్యమైన తేడా ఉంది. జింక్, గంధకం ప్రయోగంలో అదనంగా చేరిన జింక్ వేడికి తిరిగి ఆవిరైపోవడం వల్ల పెరుగుదల ఆగుతుంది. ఇది బాష్పపీడనం మీద ఆధారపడిన ఏర్పాటు. ఆక్సైడ్ పొరలకు ఈ దారి ఎక్కువ దూరం పనికిరాదు, ఎందుకంటే అల్యూమినియం, టాంటలం వంటి లోహాలను ఇలా ఆవిరిగా అందించడం సులభం కాదు.

1970ల రెండవ భాగంలో సుంటోలా బృందం మూలకాలను వదిలి సమ్మేళనాలకు మారింది. జింక్ క్లోరైడ్‌తో హైడ్రోజన్ సల్ఫైడ్, లోహ క్లోరైడ్‌లతో నీటి ఆవిరి వాడారు. జడవాయు ప్రవాహంతో మిగులును ఊడ్చివేసే కొత్త యంత్రం తయారయింది. ఇప్పుడు పెరుగుదలను ఆపేది ఉపరితల సమూహాలు ఖర్చైపోవడం. క్లోరైడ్ వెళ్ళి హైడ్రాక్సిల్, హైడ్రాక్సిల్ వెళ్ళి క్లోరైడ్: ఇది కోల్త్‌సొవ్ సిలికా జెల్ మీద చూపిన వరుసే. భౌతిక శాస్త్రంతో బయలుదేరిన దారి ఆక్సైడ్‌ల అవసరం వల్ల రసాయనంలోకి మలుపు తీసుకుంది.

ఈ పరిశోధన 1970ల చివర లోహ్యా అనే సంస్థకు బదిలీ అయింది. 1983లో హెల్సింకీ విమానాశ్రయంలో ఈ పద్ధతితో చేసిన విద్యుద్దీప్తి సమాచార ఫలకాలు అమరాయి. లెనిన్‌గ్రాడ్ గ్రాముల కొద్దీ పొడి మీద నిరూపించిన సూత్రాన్ని ఫిన్లాండు పెద్ద గాజుపలకల మీద, కర్మాగార స్థాయిలో నిలబెట్టింది. ఈ ఘనతను తగ్గించి చెప్పడానికి వీల్లేదు. జడవాయు ప్రవాహ యంత్రం లేకపోతే ఒక్కో ఆవృత్తి సెకన్లలో పూర్తికావడం, వేల ఆవృత్తులతో పరిశ్రమకు పనికివచ్చే పొర రావడం సాధ్యమయ్యేది కాదు.

6. ఒకరి పని మరొకరికి తెలియకపోవడం

ఇంత దగ్గరి పనులు ఇంతకాలం వేరువేరుగా ఎందుకు సాగాయి? ప్రచ్ఛన్న యుద్ధం, రష్యన్ భాష అన్న సమాధానాలు వెంటనే తోస్తాయి. వాటిలో కొంత నిజం ఉంది. కాని సోవియట్ అనువర్తిత రసాయన పత్రికకు ఆంగ్లానువాదం కూడా క్రమంగా వెలువడేది. చదవగోరినవారికి కొన్ని ఫలితాలైనా అందుబాటులోనే ఉన్నాయి. అందువల్ల భాష ఒక్కటే అడ్డుగోడ అనడం సరిపోదు.

శాస్త్రశాఖల మధ్య ఉన్న గోడ కూడా అంత ఎత్తైనదే. లెనిన్‌గ్రాడ్ వ్యాసాల శీర్షికల్లో సిలికా జెల్, శోషకం, చర్యాశీల ఘనపదార్థాలు అన్న పదాలు ఉండేవి. హెల్సింకీ పేటెంటులో సమ్మేళన పొర, అర్ధవాహకం, ప్రదర్శన ఫలకం వంటి పదాలు. దీప్తి ఫలకం చేసే ఇంజనీరు శోషకాల పత్రిక తెరవడు, ఉత్ప్రేరక రసాయన శాస్త్రజ్ఞుడు ప్రదర్శన ఫలకాల సదస్సుకు వెళ్ళడు. ఒకే చర్యకు రెండు పేర్లు స్థిరపడితే, గ్రంథాలయ సూచికలో అవి రెండు విషయాలు అవుతాయి.

1990లో ఫిన్లాండులోని ఎస్పోలో పరమాణు పొరల ఎపిటాక్సీ మీద తొలి అంతర్జాతీయ సదస్సు జరిగింది. 2001లో అమెరికాలోని మాంటెరేలో ఈ రంగపు సదస్సు జరిగేనాటికి ‘పరమాణు పొరల నిక్షేపణ’ అన్న పేరు వ్యాపించింది. పొర స్ఫటికంగా ఉండనవసరం లేదు కనుక ఎపిటాక్సీ అన్న మాట తొలగింది. లెనిన్‌గ్రాడ్ పేరు మాత్రం ఎక్కువగా రష్యన్ రచనలకే పరిమితమైంది. 2013లో వివిధ దేశాల పరిశోధకులు స్వచ్ఛందంగా కలిసి ఈ పద్ధతి తొలినాటి వ్యాసాలను తిరిగి చదివే ఉమ్మడి ప్రయత్నం మొదలుపెట్టిన తరువాతే రెండు ధారలనూ కలిపి చెప్పడం క్రమంగా అలవాటైంది. 2018లో సుంటోలాకు మిలీనియం టెక్నాలజీ పురస్కారం లభించింది.

7. సమూహాలను లెక్కపెట్టే కాలం

1989లో అమెరికాలో హిగాషీ, ఫ్లెమింగ్ అనే పరిశోధకులు ట్రైమిథైల్ అల్యూమినియం, నీటి ఆవిరి వరుసగా పంపి అల్యూమినా పొరను పెంచారు. క్లోరిన్ లేదు, విడుదలయ్యేది మీథేన్ మాత్రమే. నేటికీ ఈ రంగంలో ఆదర్శ ఉదాహరణగా బోధించేది ఈ చర్యనే. 1990లలో కొలరాడో విశ్వవిద్యాలయంలో స్టీవెన్ జార్జ్ బృందం పరారుణ వర్ణపటంతో ఈ చర్యను గమనించింది. ఒక వాయువు పంపినప్పుడు హైడ్రాక్సిల్ శిఖరాలు తగ్గి మిథైల్ శిఖరాలు పెరిగాయి, రెండవ వాయువుతో అది తారుమారైంది. కోల్త్‌సొవ్ రసాయన విశ్లేషణతో లెక్కకట్టిన మార్పిడి ఇప్పుడు కంటికి కనిపించే రేఖలుగా నిలిచింది.

ఇక్కడ ఒక అపోహ తొలగిపోయింది. ఒక ఆవృత్తికి ఒక పూర్తి పరమాణు పొర వస్తుందన్న భావన పద్ధతి పేరులోనే ఉంది. వాస్తవంలో అల్యూమినా ఒక్కో ఆవృత్తికి సుమారు 0.1 నానోమీటరు మాత్రమే పెరుగుతుంది. అది పూర్తి పొరలో సుమారు మూడోవంతు. అల్యూమినియంతో పాటు వచ్చిన మిథైల్ సమూహాలు చోటు ఆక్రమించి పక్క స్థానాలను కప్పివేయడం ఒక కారణం. హైడ్రాక్సిల్‌లు పరిమితం కావడం మరొక కారణం. ఉష్ణోగ్రత పెరిగితే హైడ్రాక్సిల్‌లు తగ్గి, ఆవృత్తికి వచ్చే పెరుగుదల కూడా తగ్గుతుంది. ఉపరితలం ఆదేశించినంతే పొర పెరుగుతుందన్న మాటకు ఇంతకంటే సూటి నిదర్శనం అక్కరలేదు.

8. సిలికాన్ మీద తొలి ఆవృత్తులు

ట్రాన్సిస్టర్ ద్వారం కింద ఉండే సిలికాన్ డైఆక్సైడ్ పొర 2000 తరువాత సుమారు 1.2 నానోమీటర్లకు తగ్గింది. అంత పలుచని పొర గుండా విద్యుత్తు కారిపోతుంది. రోధక స్థిరాంకం 3.9 మాత్రమే ఉన్న ఆ ఆక్సైడ్ స్థానంలో, దానికి ఐదారు రెట్లు స్థిరాంకం ఉన్న హాఫ్నియం ఆక్సైడ్‌ను ఎక్కువ మందంతో వాడవచ్చు. 2007లో ఇంటెల్ సంస్థ 45 నానోమీటర్ల తరంలో హాఫ్నియం ఆధారిత పొరను ప్రవేశపెట్టింది. దాన్ని పెంచినది పరమాణు పొరల నిక్షేపణ పద్ధతే.

ఆ దారిలో పరిశోధకులకు ఎదురైన చిక్కు ఉపరితలానిదే. హైడ్రోఫ్లోరిక్ ఆమ్లంతో శుభ్రం చేసిన సిలికాన్ ఉపరితలం హైడ్రోజన్‌తో ముగుస్తుంది. అది శుద్ధమైనది, కాని హాఫ్నియం క్లోరైడ్ పట్టుకోవడానికి దాని మీద హైడ్రాక్సిల్ లేదు. తొలి ఆవృత్తుల్లో పొర సరిగా మొదలవదు, లోపాలున్న చోట్ల దీవులుగా పెరుగుతుంది. దీవులు కలిసేసరికి పొర గరుకుగా తయారవుతుంది. ద్రావణాలతో కావాలనే అతిపలుచని రసాయన ఆక్సైడ్‌ను, అంటే హైడ్రాక్సిల్‌లు నిండిన ఉపరితలాన్ని ఏర్పరిస్తే పెరుగుదల మొదటి ఆవృత్తి నుంచే సమంగా సాగుతుంది. వాయువులు మారలేదు, యంత్రం మారలేదు. పలకను ముందు కడిగిన తీరు మారింది.

9. పెరగనివ్వకపోవడం అనే విద్య

పెరుగుదలకు హైడ్రాక్సిల్ ఆధారమైతే, దాన్ని కప్పివేసి పెరుగుదలను ఆపవచ్చు కూడా. 1980లో ఇజ్రాయెల్‌లోని వైజ్‌మన్ సంస్థకు చెందిన జాకబ్ సగివ్ 18 కర్బనాల గొలుసు గల ట్రైక్లోరోసైలేన్ అణువులు తమంతట తామే ఒకే వరుసగా అమరిన పొరను వర్ణించారు. 2004లో స్టాన్‌ఫర్డ్‌లో స్టేసీ బెంట్ బృందం ఇటువంటి పొరను కవచంగా వాడి, అది ఉన్న చోట హాఫ్నియం ఆక్సైడ్ పెరగకుండా నిరోధించింది.

ఈ కవచపు అణువు సిలికాను పట్టుకునే తీరు గమనించదగినది. దాని క్లోరిన్ ఉపరితలం మీది హైడ్రోజన్‌తో కలిసి హైడ్రోజన్ క్లోరైడ్‌గా వెళ్తుంది, సిలికాన్ ఆక్సిజన్‌కు బంధించబడుతుంది. 1960లలో టైటానియం క్లోరైడ్ జరిపిన చర్యకు ఇది సోదరచర్య. తేడా తోకలో ఉంది. టైటానియం మీద మిగిలిన క్లోరిన్ నీటితో మళ్ళీ హైడ్రాక్సిల్ అవుతుంది కనుక పెరుగుదల కొనసాగుతుంది. సైలేన్ తోక చివర ఉన్న మిథైల్ సమూహం నీటితో చర్య జరపదు కనుక కథ అక్కడితో ముగుస్తుంది. పెంచే విద్య, ఆపే విద్య ఒకే చర్యకు రెండు ముఖాలు.

ఆపడం సులభమని దీని భావం కాదు. కవచంలో చిన్న ఖాళీ ఉన్నా అక్కడ పొర మొలకెత్తుతుంది. చర్యాశీలత ఎక్కువగా ఉన్న ట్రైమిథైల్ అల్యూమినియం వంటి అణువులను నిరోధించడం మరింత కష్టం. బాగా అమరిన కవచానికి గంటల కొద్దీ సమయం పడుతుంది, కర్మాగారానికి అంత ఓపిక ఉండదు. 2017లో నెదర్లాండ్స్‌లోని ఐంధోవన్ పరిశోధకులు చిన్న అణువైన ఎసిటైల్ ఎసిటోన్‌ను ఆవిరిగా ప్రతి ఆవృత్తిలోనూ ముందుగా పంపారు. అది అల్యూమినా వంటి కొన్ని ఉపరితలాలను మాత్రమే పట్టుకుంటుంది. అందువల్ల తరువాత పంపిన సిలికాన్ ఆక్సైడ్ పొర మిగిలిన ఉపరితలాల మీదనే పెరిగింది. కవచాన్ని ఆవృత్తిలోనే భాగం చేయడం ఇందులోని కొత్తదనం.

10. ముగింపు

పై చరిత్రలో మూడు దశలు కనిపిస్తాయి. ఉపరితల సమూహాలను ఘనపదార్థ సంశ్లేషణకు సాధనంగా చూసినది లెనిన్‌గ్రాడ్ దశ. పొరను పరిశ్రమ అవసరంగా చూసి యంత్రాన్ని నిర్మించినది ఫిన్లాండు దశ. ఎక్కడ పెరగాలో, ఎక్కడ పెరగకూడదో ఉపరితలానికే అప్పగించే ప్రయత్నం నేటి దశ. ఈ మూడవ దశ అడిగే ప్రశ్న, అంటే ఏ ఉపరితలం మీద ఏ సమూహం ఎంత ఉంది, దాన్ని ఎలా మార్చాలి అన్నది, అలెస్కోవ్‌స్కీ పరికల్పనలోని ప్రశ్నే. యంత్రచరిత్రగా మాత్రమే చదివితే ఈ తిరిగిరాక కనిపించదు, స్థలనిర్దిష్ట నిక్షేపణ ఉన్నట్లుండి పుట్టిన కొత్త శాఖగా తోస్తుంది.

పరిశోధకులకు దీనివల్ల కలిగే ప్రయోజనం కేవలం మర్యాదకు సంబంధించినది కాదు. పూర్వపరిశోధన సమీక్ష రాసేటప్పుడు తమ శాఖ వాడే పేరుతో మాత్రమే వెదికితే, అదే చర్యను మరొక పేరుతో పిలిచిన పని అంతా దాటిపోతుంది. వేడిచేసిన సిలికా మీద హైడ్రాక్సిల్‌ల లెక్క శోషక రసాయనంలో ఉంది, తొలి ఆవృత్తుల చిక్కు ట్రాన్సిస్టర్ల రచనల్లో ఉంది. ఈ రెండూ ఒకే పట్టికలో చేరినప్పుడే ప్రయోగానికి పలకను ఎలా సిద్ధం చేయాలో తెలుస్తుంది. ప్రపంచం ఎక్కువగా చదవని భాషలో శాస్త్రం రాసేవారికి లెనిన్‌గ్రాడ్ అనుభవం మరొక సంగతి కూడా చెబుతుంది. రాసినది నిలుస్తుంది, అయితే అది ఇతరుల సూచికల్లోకి చేరే బాట కూడా రాసినవారే వేసుకోవాలి. పరిభాషను స్థిరపరచుకోవడం, దానికి సమానమైన అంతర్జాతీయ పదాన్ని వెంట నిలపడం ఆ బాటలో తొలి అడుగు.